1797 నాటి రాగి డబ్బు, హనుమంతుడి అర్ధణా: ఏది అసలు?

ప్రశ్న: మా ఇంట్లో పాత ఇత్తడి డబ్బాలో రెండు రాగి నాణేలున్నాయి. పెద్దది బాగా అరిగిపోయింది. ఒకవైపు గుండె ఆకారం గుర్తు, దాని నెత్తిన 4 అంకె లాంటిది ఉన్నాయి. ఇంగ్లిషులో ‘48 టు వన్ రుపీ’ అని, 1797 అని కూడా ఉంది. రెండోది కొత్తదానిలా ఉంది, దాని మీద హనుమంతుడి బొమ్మ, వెనక ‘ఈస్ట్ ఇండియా కంపెనీ, హాఫ్ అణా, 1818’. ఆన్‌లైన్‌లో ఒకాయన హనుమంతుడి నాణేనికి లక్షలిస్తానంటున్నాడు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు పంపమంటున్నాడు. ఇంట్లోవాళ్ళు పంపేద్దామంటున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది. ఇంకోటి, పెద్దదాన్ని చింతపండుతో తోమితే అక్షరాలు బయటపడతాయా?

జవాబు: పైసా కూడా పంపకండి, చింతపండు జోలికి అసలే పోకండి.

హనుమంతుడిది నాణెమే కాదండీ. కంపెనీ 1818లో అలాంటి అర్ధణా వేయనే లేదు. అణా రూపాయి లెక్కలోది, ఆ ఏడాది వరకు మద్రాసు లెక్క వరహాలు, ఫణాలు, కాసులు (వరహాకు 42 ఫణాలు, ఫణానికి 80 కాసులు), అప్పుడే రూపాయికి మారారు. కంపెనీ ఏలుబడి మొత్తానికీ ఒకే రకం నాణేలు వచ్చింది 1835 చట్టంతో. ఈ దేవుడి బొమ్మల బిళ్ళలు చాలా తర్వాత చేసి అమ్మినవి, పూజగదిలో పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ కొరగావు. పాత నాణేలు కొంటామంటూ రిజర్వ్ బ్యాంకు పేరు, లోగో వాడుకుని ఫీజులు, పన్నులు గుంజుతున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. కొనేవాడు మనకు డబ్బిస్తాడు గానీ మననడుగుతాడా?

మీ దగ్గరున్న అసలు సరుకు ఆ అరిగినదే. కంపెనీ చేతిలోకొచ్చిన ఉత్తర సర్కారుల కోసం, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న మన కోస్తా కోసం, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ సోహో టంకశాలలో ఆవిరి యంత్రాల మీద ముద్రించి, ఓడల్లో పంపిన రాగి డబ్బు అది (అప్పట్లో ‘డబ్బు’ అంటే ఒక రాగి నాణెం పేరు). మద్రాసులో వరహాల లెక్క నడుస్తుంటే ఇక్కడ రూపాయి లెక్క, అందుకే రూపాయికి 48 అని వేశారు. ఇందులో సగం విలువది కూడా ఉంది, దాని మీద 96 ఉంటుంది. రెండూ 1794లో ఒకసారి, 1797లో ఒకసారి వచ్చాయి. గుండె గుర్తులో వి, ఇ, ఐ, సి (యునైటెడ్ ఈస్ట్ ఇండియా కంపెనీ) అక్షరాలు వెతకండి, కంపెనీ సరుకు మూటల మీద వేసే ముద్ర అది, ‘యు’ బదులు ‘వి’ చెక్కేవారు. తమాషా ఏమిటంటే వాడే జనానికి తెలిసిన ముక్క ఒక్కటీ దాని మీద లేదు, ఉన్నదంతా ఇంగ్లిషు, లాటినే. మన తెలుగు, తమిళం కంపెనీ ఫణాల మీదికి వచ్చింది 1807 ప్రాంతంలోనే.

అంచు చుట్టూ పోత గీత (అచ్చులో పోసినప్పుడు పడే అతుకు) గానీ, పైన చిన్న చిన్న బుడగ గుంటలు గానీ కనిపిస్తే మాత్రం ఇదీ నకలే అనుకోండి. అసలుదైనా ఇంత అరిగాక లక్షలు రావు, అది ముందే చెప్తున్నా.

మరో సభ్యుడు: తోమడం గురించి నేను చెప్తా. ఆ ముదురు గోధుమ రంగు పొరే రాగికి కవచం, పులుపు తగిలితే అది లేచిపోతుంది, నాణెం గులాబీ రంగుకి తిరుగుతుంది, ఇక సేకరించేవాళ్ళెవరూ దాన్ని చెయ్యెత్తి అడగరు. మట్టి పట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టండి, రుద్దొద్దు. అక్షరాలు చూడాలంటే చీకటి గదిలో పక్కనుంచి టార్చి కొట్టండి, చాలా వరకు చదవొచ్చు.

ప్రశ్న అడిగినవారు: ఫీజు పంపలేదండీ, థాంక్స్. ఇప్పుడు అతనే మాట మార్చి, ఇది బియ్యాన్ని లాగే రైస్ పుల్లరేమో టెస్ట్ చేయించాలి, దానికి వేరే ఖర్చు అంటున్నాడు. ఇంకో సంగతి, మా అన్నయ్య అమెరికా వెళ్తూ ఆ 1797ది పట్టుకెళ్తానంటున్నాడు.

జవాబు: రాగి బియ్యాన్ని లాగదు, ఏ నాణెమూ లాగదు. ఆ పేరుతో మోసపోయినవాళ్ళు మన దగ్గర బోలెడుమంది. ఆ నంబరు బ్లాక్ చేసి 1930కి ఫిర్యాదు చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. అన్నయ్యగారికి మాత్రం గట్టిగా చెప్పండి, వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం కింద పురావస్తువు, మనలాంటివాళ్ళు దాన్ని దేశం దాటించకూడదు. ఫోటోలు తీసి ఇవ్వండి, రెండు వైపులా, అంచు కూడా.