అక్రమ నిర్బంధం కేసు: రిట్‌లో పరిహారంతో పాటు పునరావాసం ఎలా అడగాలి?

గుంటూరు మిర్చి యార్డు హమాలీ ఒకాయన్ని కేసు కట్టకుండా స్టేషన్లో ఉంచి కొట్టారు. కుడి భుజం పైకి లేవడం లేదు. బస్తా ఎత్తలేని మనిషికి ఒక్కసారి ఇచ్చే డబ్బు ఎన్నాళ్లొస్తుంది?

హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ (హక్కుల ఉల్లంఘనపై నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) సిద్ధమవుతోంది. పరిహారానికి సుప్రీంకోర్టు నీలాబతి బెహరా తీర్పు (1993) ఉంది. అక్రమ నిర్బంధానికి పరిహారం హక్కు ఇచ్చే ఐసీసీపీఆర్ (పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక) 9(5)పై భారత్ పెట్టిన మినహాయింపును ప్రభుత్వ ప్లీడరు ఎత్తితే ఆ మినహాయింపు పరిహారానికి అడ్డు కాదన్న సుప్రీంకోర్టు డి.కె. బసు (1997) తీర్పే జవాబు. చిక్కల్లా మిగతా వాటితోనే. హక్కుల ఉల్లంఘన బాధితులకు అందాల్సిన ఉపశమనంపై ఐక్యరాజ్యసమితి 2005 మూలసూత్రాల్లో వైద్యం, పునరావాసం, బహిరంగ క్షమాపణ కూడా ఉన్నాయి. ప్రేయర్‌లో (కోర్టును ఏమేం కోరుతున్నామో రాసే భాగంలో) వీటిని విడివిడిగా రాయాలా? పరిహారంలో కలిపేస్తే ఒకే మొత్తం ఇచ్చి చేతులు దులుపుకుంటారని భయం. ముందుముందు ఫిజియోథెరపీ ఖర్చుకు వైకల్య ధ్రువపత్రం ఒక్కటే సరిపోతుందా?

మానవ హక్కుల కమిషన్‌కు ఏడాదిలోపు వెళ్లాలి, కానీ కోర్టులో నడుస్తున్న విషయాన్ని కమిషన్ తీసుకోదు. మరి ముందు ఏది వేయాలి? క్షమాపణ గానీ పునరావాసం గానీ ఇప్పించిన ఉత్తర్వు తెలిసినవాళ్లు దయచేసి కేసు నంబరు చెప్పండి.