పాత కారు చూడటానికి వెళ్తే ఇంజన్ చల్లగా ఉండాల్సిందేనా?

కొత్తదారి (గురువారం రాత్రి)
ఆదివారం ఒక కారు చూడటానికి వెళ్తున్నాను. పెట్రోల్ బండి, మాన్యువల్ గేర్లు, 12 ఏళ్ళ పాతది. మీటరు 68 వేల కిలోమీటర్లు చూపిస్తోంది, మొదటి నుంచీ ఒకే ఓనర్ అట. నాకు నడపడం వచ్చు, అంతకు మించి ఏమీ తెలీదు. అక్కడ ఏమేం చూడాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. ఇప్పటికే టెన్షన్‌గా ఉంది.

పానాపట్టు
ముందు ఒక్కటి గుర్తుపెట్టుకో తమ్ముడూ. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే ఆ రోజుకి వెనక్కి వచ్చేయ్. ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పు.

ఎందుకంటే, రాత్రంతా నిలబడిన ఇంజన్ స్టార్ట్ అయిన మొదటి అర నిమిషంలో చెప్పే నిజాలు తర్వాత చెప్పదు. వాల్వ్ సీల్స్ (వాల్వుల పక్క నుంచి ఆయిల్ లోపలికి దిగకుండా ఆపే రబ్బర్లు) అరిగి ఉంటే సైలెన్సర్ లోంచి నీలం పొగ ఒక్కసారి గుప్పుమని వచ్చి తగ్గిపోతుంది. టైమింగ్ చెయిన్ (పిస్టన్లు, వాల్వులు ఒకే లెక్కలో కదిలేలా తిప్పే గొలుసు) వదులై ఉంటే రెండు మూడు సెకన్లు గరగరమంటుంది. బ్యాటరీ నీరసంగా ఉన్నా అప్పుడే తెలుస్తుంది. చలిలో కాస్త తెల్లటి ఆవిరి రావడం మామూలే, దానికి భయపడకు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే అది వేరే కథ.

కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మూత తీసి చూడాలన్నా ఇంజన్ చల్లగా ఉండాల్సిందే. వేడి మీద తీస్తే మొహం మీదకి చిమ్ముతుంది. లోపల నూనె తెట్టు కట్టి ఉంటే హెడ్ గాస్కెట్ మీద, అంటే ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య సీలు మీద, అనుమానం పెట్టుకో. ఆయిల్ మూత కింద తెల్లటి జిగురు కనపడితే మాత్రం అంత తొందరపడకు. చిన్న చిన్న దూరాలకే వాడిన బండిలో తేమ వల్ల కూడా అలా పడుతుంది.

రేడియల్
టైరు పక్క గోడ మీద ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతుగా ఉన్నా రబ్బరుకి వయసు వయసే. స్టెప్నీది కూడా చూడండి.

నిదానం
పానాపట్టు గారూ, మిగతావన్నీ సరే. బోనెట్ వేడిగా ఉంటే వెనక్కి వచ్చేయమనడం మాత్రం నేను ఒప్పుకోను. అమ్మేవాళ్ళందరూ ఏదో దాచిపెట్టడానికే బండి స్టార్ట్ చేసి ఉంచరు. నేను పోయినేడాది కారు అమ్మినప్పుడు, వచ్చేవాళ్ళు ఎండలో వస్తున్నారు కదా అని పది నిమిషాల ముందే ఏసీ వేసి ఉంచాను. అది మర్యాద అనుకున్నాను.

పైగా అసలు సంగతులు వేడి ఇంజన్‌తోనే తెలుస్తాయి. ఉష్ణోగ్రత ముల్లు మధ్యలో నిలబడుతోందా, ఫ్యాన్ తిరుగుతోందా, గేర్లు సాఫీగా పడుతున్నాయా, ఇవన్నీ అరగంట నడిపితేనే బయటపడేవి. క్లచ్ సంగతి తెలియాలంటే పెద్ద గేరులో నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఇంజన్ అరుపు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే.

పానాపట్టు
నడపొద్దని నేనెక్కడన్నాను? చల్లటి ఇంజన్ తీసుకెళ్ళి అరగంటలో వేడి చేయొచ్చు. వేడిది చల్లారాలంటే పూట పడుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టమంటున్నాను.

నిదానం
మీరన్న మాట "వెనక్కి వచ్చేయ్" అని. నడిపి చూసి మర్నాడు మళ్ళీ రమ్మని కాదు.

దీపస్తంభం
ఇద్దరూ చెప్పేది ఒకటేలా ఉంది నాకు.

రెండోగేరు
కొత్తదారి గారూ, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో తప్పకుండా అడగండి. అదే పని చేయడానికి కొన్ని ఇంజన్లకు బెల్ట్ బదులు చెయిన్ ఉంటుంది, మీరు చూసేదానికి ఏముందో ముందే తెలుసుకోండి. బెల్టుకి కిలోమీటర్ల లెక్కతో పాటు ఏళ్ళ లెక్క కూడా ఉంటుంది, ఏది ముందొస్తే దాన్నిబట్టి మార్చాలి. నేను కిలోమీటర్లే చూసుకున్నాను. తక్కువ తిరిగిన బండి కదా, ఇంకా టైముందిలే అనుకున్నాను. రోడ్డు మీద వెళ్తుంటే టప్ మని చిన్న చప్పుడైంది, ఇంజన్ ఆగిపోయింది, అంతే. బెల్ట్ తెగితే పిస్టన్లు వాల్వులను కొట్టే రకం ఇంజన్ అది. మెకానిక్ హెడ్ విప్పి చూపిస్తే వాల్వులన్నీ వంగి ఉన్నాయి. 12 ఏళ్ళ బండికి బెల్ట్ మార్చిన రుజువు లేకపోతే, మార్చలేదనే అనుకోండి.

పానాపట్టు
రెండోగేరు చెప్పింది బంగారం లాంటి మాట. 68 వేలు అంటే ఏడాదికి 6 వేలు కూడా లేదు. తక్కువ తిరిగిందని సంబరపడకు తమ్ముడూ. అన్నీ చిన్న ప్రయాణాలే అయితే ఆయిల్ సరిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో తేమ నిలిచి లోపలి నుంచి తుప్పు పడుతుంది. మీటరు తిప్పేశారా అని కూడా చూడు. బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ మెరుస్తూ, డ్రైవర్ సీటు అంచు కుంగి ఉంటే 68 వేలు అన్న మాట నమ్మకు. సర్వీస్ బిల్లుల మీద తేదీ పక్కనే కిలోమీటర్లు ఉంటాయి. వరసగా పెరుగుతూ వచ్చాయో లేదో చూడు.

నిదానం
మళ్ళీ అదే ధోరణి. తక్కువ తిరిగితే అనుమానం, ఎక్కువ తిరిగితే అరిగిపోయిందంటారు. ఇంజన్ వేడిగా ఉంటే దొంగ. మరి నిజాయితీగా అమ్మేవాడు ఏం చేస్తే మీరు నమ్ముతారు?

పానాపట్టు
నిదానం గారూ, మీకు కోపం ఎందుకొస్తోందో నాకు తెలీదు. నాకెందుకొస్తోందో చెప్తాను. ఆఫీసులో నా పక్క టేబుల్ ఆయన దగ్గర కారు కొన్నాను. వెళ్ళేసరికి ఇంజన్ ఆన్‌లోనే ఉంది. "ఇప్పుడే బయటికెళ్ళి వచ్చా" అన్నాడు. సరే అనుకున్నాను. మూడు వారాలకి ముల్లు ఎర్ర గీత దాటింది. కింద ఒక్క చుక్క కారట్లేదు, కూలెంట్ మాత్రం తగ్గిపోతోంది. హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ వంగింది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడల్లా తియ్యటి వాసనతో తెల్ల పొగ వచ్చేది. అది ఆయనకు తెలియకుండా ఉండే ప్రసక్తే లేదు. ఇప్పటికీ అదే టేబుల్ దగ్గర కూర్చుంటాడు.

నిదానం
ఆయన చేసింది తప్పే. ఆయన తప్పుకి మేమందరం ఎందుకు దొంగలమవ్వాలి?

పానాపట్టు
దొంగ అన్న మాట నేను వాడలేదు. రెండుసార్లు మీరే వాడారు. చేయి పెట్టి చూస్తే మీకు పోయేదేమిటి? దాచడానికేమీ లేనివాడికి ఇంత బాధ దేనికి?

దీపస్తంభం
ఇక్కడ ఆపండి ఇద్దరూ. అడిగిన కుర్రాడు భయపడిపోతాడు.

నిదానం
లేదు, అడిగారు కాబట్టి చెప్తాను. నేను అమ్మింది మా నాన్నగారి కారు. ఆయన పోయాక ఇంట్లో నడిపేవాళ్ళు లేక అమ్మాల్సి వచ్చింది. 14 ఏళ్ళ పాటు ఆయన ఒక నోట్‌బుక్ రాశారు. ఏ రోజు ఆయిల్ మార్చారు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి ఎప్పుడు మార్చారు, ఏ బల్బు వేశారు, అన్నీ ఆయన చేతిరాతలో ఉన్నాయి. దాన్ని బోనెట్ పక్కన పెట్టి నిలబడ్డాను.

వచ్చినాయన వెంట ఒక మెకానిక్ వచ్చాడు. పలకరింపు లేదు. బోనెట్ మీద చెయ్యి పెట్టి "వేడి చేసి ఉంచారు" అని ఆయనతో అన్నాడు, నాతో కాదు. పెయింట్ మందం చూసే మీటరు తీసి డోర్ల మీద పెట్టుకుంటూ వెళ్ళాడు. అన్నిచోట్లా 120, 130 మైక్రాన్లు. ఎడమవైపు వెనక డోర్ మీద 400 దాటింది, అంటే అక్కడ మళ్ళీ పెయింట్ పడిందన్నమాట. "ఆక్సిడెంట్ బండి" అనేశాడు. ఒక గోడకి రాసుకున్న గీత అది. ఆ సంగతి, డెంటింగ్ చేయించిన తేదీతో సహా, నోట్‌బుక్‌లో ఉంది. ఆ పుస్తకం ఒక్క పేజీ కూడా తెరవలేదు. నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగుంటే ఆ డోర్ నేనే చూపించేవాణ్ణి.

మీటర్లు పెట్టుకోండి, వద్దనను. నేనక్కడ మనిషిని నిలబడి ఉన్నాను కదా, నన్ను అడగండి అంటున్నాను.

రేడియల్
🙏

పానాపట్టు (శనివారం)
నిదానం గారూ, నిన్న రాత్రి మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. "దాచడానికేమీ లేనివాడికి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ రోజు నా సహోద్యోగి ఇంటి ముందు నాకు అనుమానం రాక కాదు. వచ్చింది. పొద్దున మళ్ళీ వచ్చి చూస్తానని నోటి దాకా వచ్చింది. రోజూ మొహాలు చూసుకునేవాళ్ళం, ఏమనుకుంటాడోనని మొహమాటపడి మింగేశాను. అడగడం అంటే ఆయన్ని అబద్ధాలకోరు అనడమే అనుకున్నాను. అందుకే ఇక్కడ ఎవరు వచ్చి అడిగినా చెయ్యి పెట్టు, చెయ్యి పెట్టు అని చెప్తుంటాను. అప్పుడు నాకు ఎవరైనా అలా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

నిదానం
అయితే మీకు, నాకు జరిగింది ఒకటే. మీరు అడగలేకపోయారు. నన్ను ఎవరూ అడగలేదు.

రెండోగేరు
కొత్తదారి గారూ, ఈ గొడవలో ఒకటి మరిచిపోయారు. సీట్ బెల్టులు పూర్తిగా చివరిదాకా లాగి చూడండి. బండి నీళ్ళలో మునిగి ఉంటే ఆ చివర బురద చార ఉంటుంది. కార్పెట్ కడుగుతారు గానీ అక్కడ ఎవరూ కడగరు. స్టెప్నీ కింద గుంటలో తడి, తుప్పు కూడా చూడండి.

కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ దొరికితే పెట్టండి. ఇంజన్ లైటు వెలగకపోయినా, ఆ కంప్యూటర్ చేసుకునే సెల్ఫ్ టెస్టులు పూర్తికాలేదని చూపిస్తే ఈ మధ్యే లోపాల కోడ్లు చెరిపి ఉండొచ్చు. బ్యాటరీ తీసి పెట్టినా అలాగే చూపిస్తుంది, కాబట్టి కారణం అడగండి.

కొత్తదారి (ఆదివారం సాయంత్రం)
వెళ్ళి వచ్చాను. అందరికీ థాంక్స్. ఇంజన్ చల్లగానే ఉంది. స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ లేదు, చప్పుడు లేదు, కూలెంట్ శుభ్రంగా ఉంది. అరగంట నడిపాను, వేడెక్కాక ఉష్ణోగ్రత ముల్లు మధ్యలోనే నిలబడింది. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి మెల్లగా పోనిస్తే ముందు చక్రం దగ్గర టిక్ టిక్ మంటోంది. సీవీ జాయింట్ (చక్రం తిరిగినా ఇంజన్ శక్తి అందించే కీలు) అని వెంట వచ్చిన మెకానిక్ చెప్పాడు. టైర్లు నాలుగూ 2015వి. బెల్ట్ మార్చిన బిల్లు లేదు, మార్చలేదని ఓనరే ఒప్పుకున్నారు. బెల్ట్, టైర్లు, జాయింట్ లెక్క వేసి ధర మాట్లాడుకుందామన్నాను. రేపు చెప్తానన్నారు.

పానాపట్టు
బెల్ట్ మార్చేదాకా ఎక్కువ నడపకు. వాటర్ పంప్ కూడా బెల్ట్ మీదే తిరిగే రకం అయితే రెండూ కలిపి మార్పించు, విప్పే పని ఒకటే.

నిదానం
ఇంజన్ చల్లగా ఉంచమని ఆయన్ని ముందే అడిగారా, వెళ్ళాక బోనెట్ పట్టుకుని చూశారా?

కొత్తదారి
శనివారం రాత్రి ఫోన్ చేసి అడిగాను సార్. మెకానిక్ కూడా వస్తాడని చెప్పాను. "రండి, తాళాలు మీకే ఇస్తాను, మీరే స్టార్ట్ చేయండి" అన్నారు.

నిదానం
సరే. కొనండి.