జ్వరం తగ్గిన నెలన్నరకు ఊడుతున్న గోళ్లు

ప్రశ్న: మా నాలుగేళ్ల పాపకు నెలన్నర క్రితం హ్యాండ్ ఫుట్ మౌత్ వ్యాధి (జ్వరంతో పాటు చేతులు, కాళ్లు, నోటిలో పొక్కులు వచ్చే వైరస్ జబ్బు) వచ్చి, వారం పది రోజుల్లో పూర్తిగా తగ్గిపోయింది. ఇప్పుడు రెండు చేతుల్లోనూ కలిపి నాలుగు గోళ్లు మొదలు దగ్గర పైకి లేచాయి. అడుగున పలుచని కొత్త గోరు కనబడుతోంది. నొప్పి లేదు. ఫంగస్ అని ఒకరు, కాల్షియం లోపమని మరొకరు అంటున్నారు. లేచిన గోటిని తీసివేయవచ్చునా?

మొదటి సమాధానం: దయచేసి లాగకండి. ఇది ఫంగస్ తీరు కాదు. ఫంగస్ సాధారణంగా గోటి కొస నుండో పక్కల నుండో మొదలై, గోటిని పసుపుబార్చి దళసరి చేస్తూ లోపలికి పాకుతుంది. గోరు తయారయ్యేది చర్మం కింద దాగి ఉన్న గోటి మూలంలో. జబ్బు సమయంలో అక్కడ పెరుగుదల మందగిస్తే గోటి మీద అడ్డంగా గాడి పడుతుంది. కొన్నాళ్లు పూర్తిగా ఆగితే పాత గోరు మూలం నుండి తెగిపోయి, వెనుక వచ్చే కొత్త గోరు దానిని ముందుకు నెడుతుంది. తెగిన చోటు బయటపడేసరికి మూడు నుండి ఎనిమిది వారాలు గడుస్తాయి కనుక, అప్పటికే మరచిపోయిన జ్వరం ఎవరికీ గుర్తు రాదు. హ్యాండ్ ఫుట్ మౌత్ వ్యాధిని కలిగించే వైరస్‌లలో ఒకటైన కాక్సాకీ ఎ6 సోకినవారిలో ఇది ఎక్కువ. 2008లో ఫిన్లాండ్‌లో ఆ వ్యాధి ప్రబలినప్పుడు చాలామందికి ఇలాగే గోళ్లు ఊడాయి. వదులైన అంచును మాత్రం కత్తిరించి, బట్టలకు తగులుకుంటుంటే ప్లాస్టర్ చుట్టండి.

రెండవ సమాధానం: పెద్దలకూ ఇది వస్తుంది. నాకు కోవిడ్ తగ్గిన రెండు నెలలకు బొటనవేళ్ల గోళ్లపై గాడి కనబడింది. స్కేలుతో కొలిస్తే మొదలు నుండి దాదాపు 6 మి.మీ. దూరంలో ఉంది, చేతి గోరు నెలకు సుమారు 3 మి.మీ. పెరుగుతుంది కనుక లెక్క సరిపోయింది. ఈ గాడిని 1846లో వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు బో పేరుతోనే నేటికీ పిలుస్తున్నారు. నేను బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు కూడా మింగాను గానీ, గాడి పోయింది గోరు పెరగడం వల్లనే.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. కాలి గోళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. అవీ ఊడుతాయా?

మొదటి సమాధానం ఇచ్చినవారు: ఊడవచ్చు, ఊడకపోవచ్చు. అవి నిదానంగా పెరుగుతాయి కాబట్టి మార్పు కూడా ఆలస్యంగానే కనబడుతుంది. చేతి గోరు పూర్తిగా రావడానికి దాదాపు ఆరు నెలలు పడితే, కాలి బొటనవేలి గోటికి ఏడాది, ఏడాదిన్నర పట్టవచ్చు. గోటి చుట్టూ ఎర్రబడి వాచినా, చీము పట్టినా, జబ్బేదీ లేకుండానే గోళ్లు మళ్లీ మళ్లీ ఊడుతున్నా చర్మవైద్యునికి చూపించండి.