డర్హమ్ కోటలో హాస్టల్ గదా? మా తమ్ముడికి వచ్చింది

ప్రశ్న:
మా తమ్ముడికి ఇంగ్లండ్‌లోని డర్హమ్ యూనివర్సిటీలో సీటు వచ్చింది. కాలేజీ పేరు యూనివర్సిటీ కాలేజ్, అక్కడ అందరూ కాసిల్ అంటారట. గది కోట లోపలే అని మెయిల్ వచ్చింది. చూస్తే అది కెథడ్రల్‌కి ఎదురుగా ఉన్న నార్మన్ల కాలం కోట, యునెస్కో జాబితాలో కూడా ఉంది. అలాంటి చోట కుర్రాళ్ళని ఉండనిస్తారా? మ్యూజియంలో కాపురం పెట్టినట్టు ఉండదా? అమ్మకి అప్పుడే టెన్షన్ మొదలైంది.

జవాబు:
ఉండనివ్వడమేంటండీ, 1840 ప్రాంతం నుంచీ ఉంటున్నారు! నేను మాస్టర్స్ చదివేటప్పుడు ఆ కోట గ్రేట్ హాల్లో విందులకి వడ్డించే పార్ట్‌టైం పని చేశాను. కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా వంటింటి వైపు నుంచి చూసిందే.

ఆ కోటని 1072లో, ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్ రాజు విలియం ది కాంకరర్ కాలంలో మొదలుపెట్టారు. తర్వాత బిషప్పుల చేతికొచ్చింది. వాళ్ళు మామూలు బిషప్పులు కారు, ప్రిన్స్ బిషప్పులు. సొంత కోర్టులు, సొంత నాణేలు, అవసరమైతే సైన్యం. అందుకే పూజలు చేసేవాళ్ళకి కోట ఎందుకని అక్కడ ఎవరూ అడగరు. 1832లో యూనివర్సిటీ పెట్టారు. ప్రిన్స్ బిషప్పుల్లో చివరివాడైన వాన్ మిల్డర్ట్ 1836లో పోయాడు, ఆ అధికారాలూ ఆయనతోనే పోయాయి. ఆ తర్వాత కోట కాలేజీకి వచ్చింది. బిషప్ నివాసం ఆక్లండ్ కాసిల్‌కి మారింది.

నాకు బాగా నచ్చింది వంటగది. బిషప్ ఫాక్స్ 1499లో కట్టించిన వంటగదిలోనే ఇప్పటికీ పిల్లలకి వండుతున్నారు. అప్పుడు బిషప్ అతిథులకి, ఇప్పుడు ఉదయం తొమ్మిదింటి క్లాసుకి పరిగెత్తేవాళ్ళకి. నేను ట్రే పట్టుకుని ఆ తలుపు దాటేటప్పుడు మొదటి వారం కాళ్ళు వణికేవి. తర్వాత అదీ మామూలు వంటగదే అయిపోయింది, అదే వేడి, అదే అరుపులు.

బిషప్ కాసిన్ 1660లలో చేయించిన నల్లమెట్లు చూడమనండి. గోడకి ఆనుకుని, కింద ఏ ఆధారమూ లేకుండా నిలిచేలా కట్టారు. కానీ కుంగడం మొదలైతే తర్వాత స్తంభాలు పెట్టారు. ఇప్పటికీ ఓ పక్కకి ఒరిగే ఉంటాయి. నార్మన్ చాపెల్, అంటే చిన్న ప్రార్థనామందిరం, అన్నిటికన్నా పాతది, సుమారు 1078 నాటిది. స్తంభాల మీద జంతువులు, ఒక మత్స్యకన్య. రెండో ప్రపంచ యుద్ధంలో దాన్ని రాయల్ ఎయిర్ ఫోర్స్ వాళ్ళు పరిశీలన కేంద్రంగా వాడారు, యుద్ధం అయ్యాక మళ్ళీ ప్రార్థనాస్థలం చేశారు.

ఇంకో జవాబు:
పై ఆవిడ చెప్పింది నిజమే కానీ ఇంకో వైపు కూడా ఉంది. నేను చూడ్డానికి వెళితే గైడ్ వెంట తప్ప లోపలికి రానివ్వలేదు. ఎదురుగా కెథడ్రల్లోకి నడుచుకుంటూ వెళ్ళిపోయాను, ఇక్కడ మాత్రం టూర్ టైమ్ చూసుకోవాలి. ఇంత చరిత్రని కొందరు విద్యార్థులకే వదిలేయడం అన్యాయం అనిపించింది.

మొదటి ఆవిడ:
మీ బాధ అర్థమైంది. కానీ వేసవి సెలవుల్లో ఆ గదులే అతిథులకి అద్దెకిస్తారు, ఒక రాత్రి ఉండి చూడొచ్చు. పైగా వాడకపోతే ఏమయ్యేదో? 1920, 30ల్లో కోట నది వైపు జారిపోతుంటే చందాలు పోగుచేసి పునాదులు గట్టిచేశారు. నివాసం లేని శిథిలానికి అంత పరుగు ఎవరు పెడతారు, చెప్పండి.

ప్రశ్న అడిగినాయన:
థాంక్సండీ. మెయిల్ మళ్ళీ చూశాను, గది "కీప్"లో అని రాశారు. అంటే గుట్ట మీద ఎత్తుగా, జెండా ఎగిరే బురుజే కదా? తమ్ముడు వెయ్యేళ్ళ గదిలో పడుకుంటానని అందరికీ చెప్పేశాడు.

మొదటి ఆవిడ:
అయ్యో, అన్నిట్లోకీ కొత్తది అదే! చూస్తే పురాతనంలా ఉంటుంది కానీ పాత కీప్ శిథిలమైపోతే 1840లో ఆర్కిటెక్ట్ సాల్విన్ చేత విద్యార్థుల గదుల కోసమే మళ్ళీ కట్టించారు. వెయ్యేళ్ళ మాట గుట్ట వరకే నిజమని తమ్ముడికి మెల్లగా చెప్పండి.