విడిపోయానా, విడివడ్డానా?

అరసున్న: ఇరవై ఆరేళ్ల కాపురం తరువాత విడాకులు తీసుకొని, యాభైకి దగ్గరపడిన వయసులో తన బతుకు తాను మళ్ళీ మొదలుపెట్టుకున్న స్త్రీ కథ ఒకటి చాలాకాలం క్రితం చదివాను. ఒక దరఖాస్తులో ఇంటిపేరు గడి దగ్గర ఆమె కలం ఆగుతుంది. మెట్టినింటి పేరు రాసి కొట్టివేస్తుంది, పుట్టింటి పేరు రాసి దానినీ కొట్టివేస్తుంది. ఆ అధ్యాయపు చివరి మాట ‘విడిపోయాను’ అనా, ‘విడివడ్డాను’ అనా?

శకటరేఫ: ‘విడివడ్డాను’ అనే అయి ఉండాలి. విడిపోవడానికి అవతల మరొకరుండాలి, విడివడడానికి కట్టు ఒక్కటి ఉంటే చాలు. రెండు పేర్లూ కొట్టివేసిన మనిషి ఆ క్షణాన భర్తను తలుచుకుంటూ ఉండదు.

ద్రుతం: ‘ముడి విడిపోయింది’ అని మనం రోజూ అనడం లేదా, శకటరేఫ గారూ? అసలు చిక్కు ‘విడాకు’లోనే ఉంది. ‘విడు’ నుంచి వచ్చిందంటే వదిలేవాడొకడు ఉన్నట్టు. ‘విడి’ నుంచి వచ్చిందంటే ఎవరికి వారే ఉన్నట్టు. నా మొగ్గు రెండోదానికే.

శకటరేఫ: మొగ్గుకేం గాని, సంధి ఒప్పుకోదు. చిన్నయ సూరి ఇత్తునకు (చివరి ఇకారానికి) వికల్పంగా సంధి చెప్పిన ఏమ్యాదులలో (ఏమి, మఱి, అది వంటి మాటలలో) ‘విడి’ లేదు. కలిపితే ‘విడియాకు’ కావాలి. విడు, ఆకు కలిస్తే ఉత్వసంధి. ఆకు అంటే రాతకు వాడిన తాటాకే. తెలుగు బైబిలులో ‘పరిత్యాగ పత్రిక’ అన్నదీ ఇటువంటి కాగితమే.

వలపలగిలక: ఆకు తమలపాకు ఎందుకు కాకూడదు? కవిత్వం రాయాలంటే ఏమేమి కావాలో పెద్దన చెప్పిన చాటువులోని ‘కప్పుర విడెము’ను, ఆ కర్పూర తాంబూలాన్ని, మరిచారా? విడెము పంచుకోవడం మానుకొన్నవారే విడాకులవారని నా ఊహ.

శకటరేఫ: అప్పుడది ‘విడెపుటాకు’ అవుతుంది. పైగా పెద్దనకు విడెము తెచ్చి ఇచ్చేది ‘రమణీ ప్రియదూతిక’. ఇక్కడ తెచ్చి ఇచ్చేది వకీలు.

ద్రుతం: ఆ పద్యంలోనే ‘తప్పరయు రసజ్ఞులు’ కూడా దొరకాలన్నాడు, ఆ కొరత ఈ గుంపులో లేదు. అయితే ఉయ్యెల మంచం గురించి ఎవరూ మాట్లాడరేమి? రాయడానికి కూర్చోవడానికి బల్ల అడగని కవి ఆయనొక్కడే.

అరసున్న: మీరు పెద్దన దగ్గర ఉండగా నేను ఆ పుటను మళ్ళీ గుర్తు చేసుకొన్నాను. చివరి మాట ‘విడిగా’ అయి ఉండవచ్చునని ఇప్పుడు అనిపిస్తున్నది. కొట్టివేతలు మాత్రం రెండే.