ఎర్టిగాలో పడక బల్ల, దాని కింద సొరుగులు: చేయించినవాళ్ళు కొంచెం చెప్పండి

గోదావరిగట్టు
మాది రాజమండ్రి. 2019 ఎర్టిగా, పెట్రోల్. నేను, మా ఆవిడ, నాలుగేళ్ళ పాప. రెండు నెలలకోసారైనా మారేడుమిల్లి, అరకు, లంబసింగి అంటూ బయల్దేరుతుంటాం. శని ఆదివారాల్లో గదులు దొరకవు, దొరికినా ఆ రేట్లకి మనసొప్పదు. అందుకని వెనక రెండు వరుసల సీట్లూ మడిచేసి పైన ఒక చెక్క బల్ల, దాని కింద సామానుకి సొరుగులు చేయిద్దామనుకుంటున్నాను. మొన్న ఆదివారం టేపు పెట్టి చూశాను, మడిచిన సీట్ల వీపు మీద నుంచి పైకప్పుకి 36 అంగుళాలు వచ్చింది. మా వీధి కార్పెంటరు 14 అంగుళాల ఎత్తు పెడితే సామానంతా పట్టేస్తుంది, 18 ఎంఎం ప్లైతో గట్టిగా చేసేద్దాం అంటున్నాడు. సరే అనేయనా? వచ్చే వారం ప్లై తెచ్చుకోవాలి.

నల్లమల_డ్రైవర్
అన్నా, ప్లై కొనకు, ముందు ఆగు. 36లో 14 తీసెయ్. పరుపు ఇంకో 3. మిగిలింది 19 అంగుళాలు. పడుకుని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిరిగితే భుజం పైకప్పుకి తగలకపోయినా, మోకాలు మడిచి లేవాలంటే తగులుతుంది. పాపని రాత్రి లేపి బయటికి తీసుకెళ్ళాలంటే ఎట్లా?

నాది ఇన్నోవా క్రిస్టా. శ్రీశైలం రోడ్డు కోసమే చేయించుకున్నాను. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మన్ననూరు దగ్గర గేటు వేసేస్తారు. రెండుసార్లు పది నిమిషాల తేడాతో దొరికిపోయి, సీటు వెనక్కి వాల్చి తెల్లవార్లూ మెడ నొప్పితో కూర్చున్నాను. అప్పుడు కోపమొచ్చి చేయించిన మొదటి బల్ల 13 అంగుళాలు. సామాను బ్రహ్మాండంగా పట్టింది, మనుషులే పట్టలేదు. నాలుగు నెలలు వాడి, విప్పించి, కాళ్ళు కోయించి 8 అంగుళాలకి దించాను. ఆ కోసిన రోజు నుంచే నిద్ర పట్టింది.

ప్లై తెచ్చే ముందు ఒక పని చెయ్. ఇంట్లో ఉన్న అట్టపెట్టెలు, పాత పుస్తకాల కట్టలు సీట్ల మీద పేర్చి, పైన పరుపు వేసి, ఒక రాత్రి మీ ఇంటి ముందే ముగ్గురూ పడుకోండి. ఒక్క రాత్రికే ఎత్తెంత కావాలో తెలిసిపోతుంది. కార్పెంటరుకి అంకె నువ్వు చెప్పాలి, ఆయన నీకు చెప్పకూడదు.

చెక్కపని_తెనాలి
నేను ఇరవై ఆరేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. ఇప్పటిదాకా ఐదు బళ్ళకి ఇలాంటివి చేశాను, మొదటి రెండూ సరిగ్గా రాలేదు, ఎందుకో చెప్తాను బాబూ.

ఇంట్లో అల్మరా చేసినట్టు బండిలో చెయ్యకూడదు. 18 ఎంఎం షీటు 8x4 ఒక్కటే 35 కిలోల దాకా తూగుతుంది. బల్లకి, అడుగుకి, సొరుగులకి కలిపి రెండు షీట్లు పట్టాయంటే 70 కిలోలు, అంటే ఎప్పుడూ వెనక ఇంకో మనిషిని ఎక్కించుకుని తిరుగుతున్నట్టే. పైబల్లకి 12 ఎంఎం చాలు, కాకపోతే కింద అడుగున్నరకో పట్టె అడ్డంగా రావాలి. సొరుగు పక్కలకి 9, అడుక్కి 6 వేస్తే సరి. తేమ తగిలే చోటు కాబట్టి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి, షాపువాడు కమర్షియల్ ఇస్తానంటే వద్దనండి. రాత్రి ముగ్గురు ఊపిరి వదిలితే తెల్లారేసరికి అద్దాలు కారుతుంటాయి, ఆ నీళ్ళు చెక్కే తాగుతుంది.

ఇక సొరుగుల సంగతి. టెలిస్కోపిక్ చానల్, అంటే సొరుగు జారే ఇనుప పట్టాలు, వేస్తే అటు అర, ఇటు అర అంగుళం ఖాళీ కావాలి. అంటే గూడు వెడల్పు 18 అయితే సొరుగు బయటి కొలత 17. ఇందులో రెండు నూళ్ళు, అంటే పావు అంగుళం, తేడా వచ్చినా చానల్ పట్టేస్తుంది, లేదా బాల్ బేరింగులు రాలిపోతాయి. నా మొదటి బండిలో జరిగింది ఇదే. షాపులో మూలమట్టం పెట్టి నిక్కచ్చిగా చేశాను. బండిలో పెట్టేసరికి నేల ఎగుడుదిగుడు, పెట్టె వంకరపోయింది, సొరుగు సగంలో ఆగిపోయింది. మీ బండిలో సీట్ల వీపు మీద కూర్చోబెడుతున్నారు కాబట్టి ఇంకా జాగ్రత్త, అది మెత్తన. అడుగున ఒక గట్టి పలక వేసి, పెట్టె మొత్తం ఆ పలక మీదే నిలబడేలా చెయ్యమనండి. అప్పుడు కింద సీటు ఊగినా పెట్టె చదరంగానే ఉంటుంది.

ఇంకోటి, ఆరడుగుల పొడవు సొరుగు ఆశపడకండి. 24 అంగుళాలు దాటిన చానల్ మామూలు హార్డ్‌వేర్ షాపుల్లో దొరకడం కష్టం. మామూలు రకం జత 45 కిలోల దాకా మోస్తుంది అని రాసి ఉంటుంది, అది కదలని ఇంట్లో లెక్క, గుంతల రోడ్డు మీద సగమే నమ్మాలి. డిక్కీ వైపు రెండడుగుల సొరుగులు రెండు, ముందు వైపు పైనుంచి మూత ఎత్తి తీసుకునే అరలు. మూతలకి మడతబందులు వెయ్యొద్దు, వేలు పట్టే బెజ్జం ఒకటి చేస్తే చాలు. తక్కువ బరువు పెట్టే సొరుగులైతే అసలు చానలే వద్దు, చెక్క పట్టె మీద కొవ్వొత్తి మైనం రుద్దితే ఏళ్ళ తరబడి జారుతుంది.

సిక్కోలు_ఈకో
పై ఇద్దరూ చెప్పింది నిజం. నేను అమ్మని తీసుకుని ఈకోలో గుళ్ళూ గోపురాలూ తిరుగుతాను. అమ్మకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, మధ్యాహ్నం గంటైనా నడుం వాల్చాలి. అందుకని మాకు బల్ల అవసరం.

గడియ గురించి ఎవరూ చెప్పలేదు, అది చాలా ముఖ్యం. అరకు వెళ్ళేటప్పుడు అనంతగిరి ఘాట్ ఎక్కాక టీ తాగుదామని ఆపాను. రోడ్డు ఎగువకి ఉంది. డిక్కీ తలుపు ఎత్తానో లేదో, ఒక సొరుగు దానంతటదే జారి వచ్చి నా మోకాలి చిప్ప కింద కొట్టింది. అందులో ఐదు లీటర్ల నీళ్ళ క్యాను, కుక్కరు, బియ్యం. అంతసేపూ అది తలుపుకే ఆనుకుని ఉందన్నమాట. పక్కనే ఉన్న అమ్మకి తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. ఇంటికి రాగానే ఒక్కో సొరుగుకి పాత కిటికీకి ఉండే ఇత్తడి గడియ ఒకటి బిగించాను. అయస్కాంతం క్యాచర్లు పనికిరావు, బరువుకి ఊడొస్తాయి.

బల్లని కూడా బండికి కట్టాలి. సడన్ బ్రేక్ వేస్తే ఆ చెక్కంతా వచ్చి ముందు సీటు వీపుకి గుద్దుకుంటుంది. నేను కంపెనీ వాళ్ళిచ్చిన కొక్కేలకి, నేలలోని సీటు బోల్టులకి రాచెట్ బెల్టులు వేసి లాగి కట్టాను, బండికి కొత్తగా ఒక్క బెజ్జం కూడా వెయ్యలేదు.

కిర్రుకిర్రు చప్పుడు వస్తుంది, అది అమ్మని నిద్రపోనివ్వలేదు. చెక్కకి చెక్క తగిలే ప్రతిచోటా పాత సైకిల్ ట్యూబు కోసి అంటించాను. ఆగిపోయింది.

గోదావరిగట్టు
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. 14 ఆలోచన మానేశాను. నిన్న రాత్రి అట్టపెట్టెలతో ఇంటి ముందు పడుకున్నాం, 8 దాటితే మా ఆవిడ ఒప్పుకునేలా లేదు. ఇంకో అనుమానం, చిన్న గ్యాస్ సిలిండరు 5 కిలోలది ఒక సొరుగులో పెడదామనుకున్నాను. పెట్టొచ్చా?

సిక్కోలు_ఈకో
వద్దండీ, దయచేసి వద్దు. వంట గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, సొరుగు గూట్లోనే కిందకి దిగి నిలబడుతుంది, దాని మీదే మీరు పడుకుంటారు. నేను కరెంటు కెటిల్ వాడతాను, దారిలో టీ కొట్టు వాళ్ళు ప్లగ్గు ఇస్తారు. వంట తప్పదంటే సిలిండరు బండి బయట, పడుకునేటప్పుడు కూడా బయటే. అలాగే ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లో ఉంచి పడుకోవద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపే ప్రాణం పోతుంది. రెండు వైపులా అద్దాలు రెండంగుళాలు దించి దోమతెర కట్టండి.

గుంటూరు_సీఎన్‌జీ
నాది అదే ఎర్టిగా, సీఎన్‌జీ. డిక్కీలో సిలిండరు ఉంది. నేనూ చేయించుకోవచ్చా?

చెక్కపని_తెనాలి
సొరుగులు వద్దు బాబూ. సిలిండరు మీదుగా బల్ల ఒక్కటే, అదీ ఎత్తి తీసేసేలా. వాల్వు చేతికి అందాలి, గాలి ఆడాలి, మూడేళ్ళకోసారి హైడ్రో టెస్టుకి, అంటే నీటి ఒత్తిడి పరీక్షకి, సిలిండరు విప్పాలి కదా, అప్పుడు బల్ల అడ్డం ఉండకూడదు. ఒకాయన బిగించెయ్యమని పట్టుబడితే నేను పని వదులుకున్నాను.

నల్లమల_డ్రైవర్
చట్టం సంగతి కూడా చూసుకోండి. సీట్లు విప్పి ఇంట్లో పడేసి, నేలకి బోల్టులేసి బల్ల బిగిస్తే అది బండిని మార్చినట్టే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆ మార్పుల గురించే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదని చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అందుకే నా సీట్లు బండిలోనే మడిచి ఉన్నాయి, బల్ల మూడు ముక్కలు, పది నిమిషాల్లో తీసి మిద్దె మీద పెట్టేస్తాను. అడిగితే సామానే. ప్రయాణంలో మాత్రం ఎవరినీ బల్ల మీద పడుకోబెట్టకండి, పిల్లల్ని అసలే వద్దు.

అట్లాగే స్టెపినీ. మా బండిలో అది కింద వేలాడుతుంది, దించే బోల్టు లోపల డిక్కీ నేలలో ఉంటుంది. నా మొదటి బల్ల సరిగ్గా దాని మీదే కూర్చుంది. వటవర్లపల్లి దాటాక పంక్చర్, సామానంతా రోడ్డు పక్కన దింపి, బల్ల విప్పి, అప్పుడు జాకీ. అడవిలో ఒక్కో చప్పుడుకీ ఉలిక్కిపడుతూ గంటన్నర. ఇప్పుడు ఆ బోల్టుకి సూటిగా పైబల్లలో అరచేయంత మూత పెట్టించాను.

డాలస్_తెలుగోడు
మాది హోండా ఒడిస్సీ. ఇక్కడ పని కొంచెం తేలిక, మూడో వరుస నేలలోకి మడిచిపోతుంది, రెండో వరుస సీట్లు పట్టుకుని బయటికి తీసేయొచ్చు. కొత్త టయోటా సియెన్నా తీసుకోబోతున్నవాళ్ళకి మాత్రం ఒక మాట, 2021 మోడల్ నుంచి రెండో వరుస సీట్లు తీసేలా లేవు, అందులో ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. మా ఫ్రెండు బల్ల కొలతలన్నీ వేసుకున్నాక అది తెలిసింది.

నేను ముచ్చటపడి తిండికి వేరుగా పెద్ద సొరుగు చేసుకున్నాను, పప్పులు, పచ్చళ్ళు, మురుకులు, అన్నీ. యోసెమిటీ నేషనల్ పార్కుకి వెళ్తే చీకటి పడ్డాక కారులో తిండి ఉంచకూడదని రేంజరు చెప్పాడు, ఎలుగుబంట్లు వాసన పట్టి తలుపులు పీకేస్తాయట. ఆవకాయ సీసాతో సహా మొత్తం అక్కడి ఇనుప పెట్టెలోకి మార్చాం. అప్పటి నుంచి తిండి సొరుగులో ఒక ప్లాస్టిక్ డబ్బా పెట్టి, దాంట్లోనే సర్దుతున్నాం, డబ్బా పట్టుకుని ఎత్తితే అయిపోతుంది. ఈ పద్ధతి మీకు కూడా పనికొస్తుంది, ఇంటికి రాగానే వంటింట్లోకి అలాగే తీసుకెళ్ళొచ్చు.

కోనసీమ_పరుపు
పరుపు గురించి ఒక్క మాట. నేను 3 అంగుళాల ఫోమ్ నేరుగా ప్లై మీద వేశాను. వర్షాకాలం రెండు ట్రిప్పులయ్యాక ఎత్తి చూస్తే కింద నల్లగా బూజు. ప్లైకి జానెడు దూరానికో బెజ్జం వేయించి, ఫోమ్ తీసేసి రెండంగుళాల కొబ్బరి పీచు పరుపు, దాని మీద అమ్మమ్మ కుట్టిన బొంత వేశాను. గాలి ఆడుతోంది. బరువు కొంచెం ఎక్కువే కానీ నడుముకి హాయిగా ఉంది. పొద్దున లేవగానే పరుపు ఎత్తి నిలబెట్టడం అలవాటు చేసుకోండి.

గోదావరిగట్టు
ఐదు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. పని అయింది. ఎత్తు 8 అంగుళాలు, పైన 12 ఎంఎం మెరైన్ ప్లై, డిక్కీ వైపు 22 అంగుళాల సొరుగులు రెండు, ముందు మూత అరలు మూడు. ముందు సీట్లకీ బల్లకీ మధ్య సందు మిగిలితే అక్కడ ఒక మడత పలక, దానికి కింద రెండు కాళ్ళు. మొత్తం 46 కిలోలు, మూడు ముక్కలు. మా కార్పెంటరుకి తెనాలి ఆయన రాసింది చదివి వినిపిస్తే మొదట మొహం మాడ్చుకున్నాడు, తర్వాత అడుగు పలక ఆలోచన తనకే బాగా నచ్చింది. రెక్సిన్ అంటించిన రబ్బరు జిగురు ఘాటుకి కళ్ళు మండాయి, అందుకని పది రోజులు మేడ మీద ఆరబెట్టాకే బండిలో పెట్టాను.

మొన్న శనివారం మారేడుమిల్లిలో, తెలిసినవాళ్ళ ఇంటి ఆవరణలో పెట్టుకుని పడుకున్నాం. పాప మధ్యలో. రాత్రి రెండింటికి లేచి నీళ్ళు అడిగింది, పడుకునే చెయ్యి చాచి మూత ఎత్తి సీసా తీసిచ్చాను, మా ఆవిడకి మెలకువ కూడా రాలేదు. పొద్దున డిక్కీ తలుపు ఎత్తి, బల్ల అంచున కాళ్ళు వేలాడేసి కూర్చుని ముగ్గురం పాలు, కాఫీ తాగాం. కూర్చోవడానికి తల తగలని చోటు అదొక్కటే, అది చాలు.

గడియలు రెండూ గట్టిగానే ఉన్నాయి, ఘాట్‌లో కదల్లేదు. ఎడమ సొరుగు మాత్రం చివరి రెండంగుళాల దగ్గర రాసుకుంటోంది. వచ్చే ఆదివారం తీసి ఆ అంచు చిత్రిక పట్టించాలి.