జింక వేటకు చేతి తుపాకీ: నూరు గజాలు దాటితే ఏ తూటా?

ప్రశ్న (అనంతపురం)
మాది అనంతపురం. టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తూ, అక్కడి లైసెన్సుతో తెల్లతోక జింకలను ఇన్నాళ్లూ రైఫిల్‌తో వేటాడాను. ఇప్పుడు సెలవుకు ఇంటికి వచ్చాను. వచ్చే సీజన్‌లో చేతి తుపాకీ పట్టాలని ఉంది. నేను కూర్చునే మంచెకు జింకలు 60 నుంచి 150 గజాల మధ్య కనిపిస్తాయి. .44 మాగ్నమ్ రివాల్వర్ తీసుకోవాలా, ఒక్కసారికి ఒకే తూటా పట్టే కంటెండర్ పిస్తోలులో 7-30 వాటర్స్ తూటా వాడాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు (కర్నూలు)
నేను తుపాకీ పట్టినవాణ్ణి కాను, ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాబట్టి లెక్క వరకే చెబుతాను. .44 మాగ్నమ్‌లో 240 గ్రెయిన్ల (గుండు బరువుకు కొలత, 240 అంటే సుమారు పదిహేనున్నర గ్రాములు) గుండు సెకనుకు 1,350 అడుగుల వేగంతో బయలుదేరిందనుకుంటే, నూరు గజాలు చేరడానికి దాదాపు పావు సెకను పడుతుంది, ఆలోగా గొట్టం చూపిన గీత నుంచి సుమారు అడుగు కిందికి దిగుతుంది. 150 గజాలకు 0.4 సెకను పడుతుంది, దిగుడు రెండడుగులు దాటుతుంది. దూరం ఒకటిన్నర రెట్లే పెరిగినా దిగుడు రెట్టింపుకు మించడానికి కారణం, అది కాలం వర్గాన్ని బట్టి పెరగడమూ, మొద్దుమూతి గుండు గాలిలో త్వరగా వేగం కోల్పోవడమూ. గురిని నూరు గజాలకు సరిచేసుకుంటే, 50 దగ్గర రెండున్నర అంగుళాలు పైకి, 150 దగ్గర పది అంగుళాలు కిందికి తగులుతుంది. జొన్నచేలో వడిసెల తిప్పినవారికి ఇది కొత్త కాదు. కాకపోతే అక్కడ రాయి తప్పితే పిట్ట ఎగిరిపోతుంది, అంతే.

7-30 వాటర్స్ అంటే .30-30 అనే రైఫిల్ తూటా మెడను 7 మిల్లీమీటర్లకు నొక్కి చేసినది. 14 అంగుళాల గొట్టం నుంచి 120 గ్రెయిన్ల మొనగుండు 2,400 అడుగుల వేగంతో వెళితే, అదే గురికి 150 గజాల దగ్గర తేడా రెండంగుళాలే.

జవాబు (ప్రొద్దుటూరు)
లెక్క సరైనదే. జింక గుండెకాయ, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిది అంగుళాల పళ్లెమంత ఉంటుంది. పది అంగుళాలు దిగిన గుండు దాన్ని తప్పి కాలికి తగులుతుంది. అమెరికాలో ఉండగా నేను .44తో 90 గజాలనుకొని కాల్చిన జింక నిజానికి 130 గజాల దూరంలో ఉంది. చీకటి పడేదాకా రక్తపు చుక్కలు చూసుకుంటూ వెతికినా దొరకలేదు. అప్పటి నుంచి రివాల్వర్‌తో 75 గజాలు దాటి కాల్చలేదు.

మీకు కంటెండరే తగినది. .30-30 వాడే లీవర్ రైఫిళ్లలో (పిడి కిందికి లాగి తూటా ఎక్కించేవి) చాలావాటిలో తూటాలు, కాల్చే గొట్టం కింద ఉండే మరో గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి కనుక, మొనగుండు ముందున్న తూటాను పేల్చేస్తుందన్న భయంతో మొద్దుమూతివి వాడతారు. ఒంటి తూటా పిస్తోలుకు ఆ బెడద లేదు. అయితే 7-30 అన్ని అంగళ్లలో దొరకదు. తూటాలు సొంతంగా నింపుకోలేకపోతే .30-30 గొట్టమే బిగించుకోండి. కంటెండర్‌కు గొట్టం మార్చుకోవడం సులువే. తుపాకీని దేనిమీదా ఆనించకుండా, ఉత్త చేతులతో మాత్రం దూరానికి కాల్చవద్దు.

ప్రశ్న వేసినవారు
.30-30 గొట్టంతో పాటు దూరం కొలిచే యంత్రం కూడా కొంటాను. పక్కనే ఉన్న నాన్నగారు మన వేరుశనగచేలో పడే కృష్ణజింకల మాటేమిటని అడిగారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటి మీద చెయ్యి వేయరాదని, ఈ లెక్కలన్నీ టెక్సాస్‌కేనని చెప్పాను.